తలనొప్పికి కళ్లే కారణమా?

అద్దాలతో తగ్గేది కొంతే.. ఆలస్యమైతే చూపు పోయేదీ ఉంది

ఇంట్లో ఎవరికైనా తలనొప్పి వస్తే సాధారణంగా రెండు మాటలు వినిపిస్తుంటాయి. చదువుకునే పిల్లలైతే 'సైటు వచ్చి ఉంటుంది' అంటారు. పెద్దలైతే, నొప్పితోపాటు వాంతి కూడా అయితే, 'పైత్యం చేసింది' అంటారు. మొదటి ఊహ తప్పయితే కలిగే నష్టం ఒక జత కళ్లద్దాల ఖర్చు. రెండోది తప్పయితే మాత్రం ఒక్కోసారి కన్నే పోతుంది.

తలనొప్పుల్లో అధిక భాగానికి కంటితో సంబంధం లేదు. ఒత్తిడి వల్ల తల చుట్టూ పట్టేసినట్లుండే నొప్పి, పార్శ్వపు నొప్పి (మైగ్రేన్)... ఇవే ఎక్కువ. అయినా కన్ను నొస్తున్నట్లు అనిపించడానికి కారణముంది. కంటికి, నుదుటికి, మెదడు పైపొరల్లో కొంత భాగానికి స్పర్శజ్ఞానాన్ని అందించేది ఒకే నాడీ శాఖ. అందువల్ల లోపలి నొప్పి కంటి వెనుక ఉన్నట్లు, కంటి నొప్పి నుదుటిపై ఉన్నట్లు తోస్తుంది.

సైటు తలనొప్పి ఎలా ఉంటుంది?

దూరపు వస్తువులు మసకగా కనిపించే హ్రస్వదృష్టిలో తలనొప్పి తక్కువే. బోర్డు మీది అక్షరాలు కనిపించక పిల్లవాడు కళ్లు చికిలించడమే దానికి ప్రధాన లక్షణం. అసలు చిక్కు దీర్ఘదృష్టితోనే. ఈ లోపమున్న పిల్లల కంట్లో కటకాన్ని సర్దే సిలియరీ కండరం రోజంతా బిగుసుకుని పనిచేస్తూ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. ఫలితంగా గోడకు తగిలించిన చార్టులో చివరి వరుస వరకూ గడగడా చదివేస్తారు. 'కళ్లు బాగానే ఉన్నాయి' అనిపించుకుని ఇంటికి వస్తారు. సాయంత్రానికి నుదుటి నొప్పితో పుస్తకం మూసేస్తారు. ఇలాంటి పిల్లలకు చుక్కల మందు వేసి, ఆ కండరాన్ని సడలించిన తర్వాతే పరీక్ష చేయాలి. అసమదృష్టి (ఆస్టిగ్మాటిజం), దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్లూ సరిగా లోపలికి కలవకపోవడం కూడా ఇలాంటి నొప్పినే తెస్తాయి. రెండోదానికి అద్దాల కంటే కంటి వ్యాయామాలే ఎక్కువ ఉపకరిస్తాయి.

గుర్తు పట్టడానికి నొప్పి వచ్చే వేళను గమనించాలి. కంటి శ్రమ వల్ల వచ్చే నొప్పి నిద్ర లేవగానే ఉండదు. చదివిన తర్వాతో, కుట్టుపని, కంప్యూటరు పని చేసిన తర్వాతో మొదలవుతుంది. సెలవు రోజున తగ్గుతుంది. తెల్లవారుజామున నిద్ర లేపే నొప్పి అయితే అద్దాల దుకాణానికి కాదు, వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

నలభై దాటిన తర్వాత వచ్చే చత్వారం అందరికీ తెలిసినదే. తెలంగాణలో 2018లో, మళ్లీ 2023లో జరిగిన కంటివెలుగు శిబిరాల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన వైఎస్ఆర్ కంటివెలుగులోనూ చాలామంది దగ్గరి చూపు అద్దాలు అందుకున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ చత్వారం పవర్ పెరుగుతుంది కాబట్టి, అప్పటి అద్దాలతోనే నెట్టుకొస్తున్నవారు మరోసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. ఫోను, కంప్యూటరు ముందు గంటలకొద్దీ కూర్చునేవారు రెప్ప వేయడం తగ్గించేస్తారు. కన్ను ఎండి మండుతుంది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరానికి 20 సెకన్లు చూడమన్నది వైద్యులు తరచూ చెప్పే సలహా.

పార్శ్వపు నొప్పిలో కూడా చూపు చెదురుతుంది. నొప్పికి ముందు కళ్లెదుట మిలమిలలాడే వంకర గీతలు కనిపించి, సాధారణంగా గంటలోపు పోతాయి. తర్వాత నొప్పి 4 గంటల నుంచి 72 గంటల వరకు ఉండవచ్చు. దీనికి ఎన్ని జతల అద్దాలు మార్చినా ప్రయోజనం లేదు.

దీపం చుట్టూ రంగులు

పైత్యమని పొరబడే జబ్బు నీటికాసుల్లో ఒక రకం. కంటిలో ఊరే ద్రవం బయటకు పోయే మూల హఠాత్తుగా మూసుకుపోతుంది. సాధారణంగా 10 నుంచి 21 వరకు (పాదరసం మిల్లీమీటర్లలో) ఉండే కంటి పీడనం 40, 50 దాటిపోతుంది. భరించరాని తలనొప్పి, వాంతులు, ఎర్రబడిన కన్ను, మసక చూపు, బల్బు చుట్టూ ఇంద్రధనుస్సు వలయాలు... ఇవీ లక్షణాలు. నలభై, యాభై దాటినవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, ప్లస్ పవర్ అద్దాలు వాడేవారిలో ఎక్కువ. మసక వెలుతురులో కంటిపాప విప్పారుతుంది కాబట్టి చీకటి పడ్డాక రావడం కద్దు.

వాంతులు చూసి కడుపు జబ్బనుకుంటారు. ఊళ్లో తెలిసిన ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని పడుకుంటారు. కడుపునొప్పికి వాడే కొన్ని మందులు కంటిపాపను మరింత విప్పార్చి పీడనాన్ని పెంచుతాయి కూడా. గంటలు గడిచేకొద్దీ నేత్రనాడి దెబ్బతింటుంది. ఒకసారి పోయిన నాడి తిరిగి రాదు. కాబట్టి తలనొప్పితో వాంతి అయినప్పుడు ఇంట్లోవారు చేయాల్సిన పని చిన్నది. టార్చిలైటు వేసి రెండు కళ్లనూ పోల్చి చూడాలి. ఒక కన్ను ఎర్రబడి, పాప పెద్దదిగా, వెలుతురుకు ముడుచుకోకుండా ఉంటే తెల్లవారే వరకు ఆగకూడదు. మందులతో పీడనం తగ్గించి, లేజరుతో నల్లగుడ్డు పొరకు సన్నని రంధ్రం చేస్తారు. బాగున్న రెండో కంటికీ అదే ప్రమాదం పొంచి ఉంటుంది కనుక దానికీ ముందుగానే లేజరు చేస్తారు.

మెదడులో ఒత్తిడి పెరిగినా కంట్లో తెలుస్తుంది. ఉదయాన, దగ్గినప్పుడు, వంగినప్పుడు పెరిగే నొప్పి, లేచి నిలబడగానే క్షణకాలం చూపు చీకట్లు కమ్మడం, వస్తువులు రెండుగా కనిపించడం దాని గుర్తులు. గడ్డలే కాదు, బరువు ఎక్కువగా ఉన్న యువతులలో ఏ గడ్డా లేకుండానే ఈ ఒత్తిడి పెరుగుతుంటుంది. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టిన ఆఫ్తాల్మోస్కోపుతో కంటి వెనుక భాగం చూస్తే నేత్రనాడి వాపు బయటపడుతుంది. అద్దాల దుకాణంలో కంప్యూటరు పరీక్ష పవరు మాత్రమే చెబుతుంది, ఈ వాపును చూపదు. యాభై దాటినవారికి కొత్తగా కణతల నొప్పి వచ్చి, తల దువ్వుకున్నా నొస్తూ, నమిలేటప్పుడు దవడ లాగుతుంటే అది రక్తనాళాల వాపు కావచ్చు. మన దగ్గర అరుదే అయినా, స్టెరాయిడ్లు ఆలస్యమైతే చూపు పోతుంది.

నెలలో 15 రోజులు, అంతకు మించి నొప్పి మాత్రలు వేసుకునేవారికి ఆ మాత్రలే తలనొప్పికి కారణం కావచ్చు. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు నొప్పి వచ్చిన తేదీ, వేళ, వేసుకున్న మాత్రల పేర్లు ఒక కాగితంపై రాసి, పాత కళ్లద్దాలతో సహా తీసుకెళ్లాలి.