షలీన్ సర్టీ-రిచర్డ్స్

షలీన్ సర్టీ-రిచర్డ్స్ (7 మే 1955 – 7 జూన్ 2021) దక్షిణాఫ్రికాకు చెందిన ఆఫ్రికాన్స్ రంగస్థల, టెలివిజన్, సినిమా నటి. 1988లో విడుదలైన ‘ఫీలా సే కిన్ట్’ సినిమాలో ఫీలా పాత్ర, 1992లో మొదలైన ‘ఎగోలి’ డైలీ సీరియల్‌లో నెన్నా పాత్ర ఆమెను ఇంటింటికీ పరిచయం చేశాయి. వర్ణవివక్ష చట్టాలు ‘కలర్డ్’ అని ముద్ర వేసి పక్కన కూర్చోబెట్టిన సముదాయం నుంచి వచ్చి, ఆఫ్రికాన్స్ నటనారంగం నడిమధ్యలో నిలబడిన స్త్రీ ఆమె.

ఆమె స్థానం అర్థం కావాలంటే ఆ భాష చరిత్ర కొంత తెలియాలి. ఆఫ్రికాన్స్‌ను తెల్లవారి భాషగా, జాతి అహంకారపు భాషగా ప్రపంచం గుర్తుపెట్టుకుంది. అందుకు కారణం ఉంది. బడుల్లో ఆ భాషను బలవంతంగా రుద్దినందుకే 1976 జూన్ 16న సొవెటో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, పోలీసు కాల్పుల్లో పిల్లలు చనిపోయారు. అయితే ఆ భాష పుట్టుక వేరు. 1652లో కేప్‌లో దిగిన డచ్చివారి మాట, అక్కడి ఖోయీ ప్రజల నోళ్లలోనూ, డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో తెచ్చిన బానిసల నోళ్లలోనూ నలిగి కొత్త రూపు దాల్చింది. ఆ బానిసల్లో ఇండోనేషియా దీవుల వారితో పాటు బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరాల నుంచి పట్టుకెళ్లిన వారూ ఉన్నారు. మచిలీపట్నం, భీమునిపట్నంలలో కోఠీలు నడిపింది కూడా ఆ కంపెనీయే. నేటికీ ఆఫ్రికాన్స్ మాతృభాషగా గలవారిలో తెల్లవారి కంటే ఇతరులే ఎక్కువ. అయినా చాలాకాలం రంగస్థలం మీద, తెర మీద ఆ భాష తెల్లముఖాలతోనే కనిపించింది.

షలీన్ పుట్టిన అపింగ్టన్, కలహారి ఎడారి అంచున ఆరెంజ్ నది ఒడ్డున ఉన్న ఊరు. నది పొడవునా ద్రాక్షతోటలు, వాటిని దాటితే ఎర్రటి ఇసుక. ఆ ప్రాంతంలో ఎక్కువమంది ఇంటిభాష ఆఫ్రికాన్సే. ఆమె పుట్టేనాటికి ప్రతి మనిషినీ జాతుల పట్టీలో చేర్చే 1950 నాటి జనాభా నమోదు చట్టం, నివాసాలను విడదీసే చట్టం అమల్లో ఉన్నాయి. మిశ్రసంతతి వారందరినీ ‘కలర్డ్’ అనే గడిలో పెట్టారు. షలీన్ కూడా ఆ గడిలోని మనిషే. నటిగా స్థిరపడక ముందు ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు.

అప్పటి నాటకశాలల సంగతీ అంతే. 1965 ఉత్తర్వులు వేర్వేరు జాతుల ప్రేక్షకులు ఒకే హాల్లో కూర్చోవడాన్ని నిషేధించాయి. కేప్‌టౌన్‌లో ప్రభుత్వం కట్టించిన నికో మలాన్ థియేటర్ 1971లో తెల్లవారికి మాత్రమే తెరుచుకుంది. కలర్డ్ సముదాయం, వారితో పాటు ఎందరో తెల్లవారూ దాన్ని బహిష్కరించారు. 1975లో గాని దాని తలుపులు అందరికీ తెరుచుకోలేదు. 1977లో మొదలైన బాక్స్టర్ థియేటర్ విశ్వవిద్యాలయపు స్థలంలో ఉండడంతో మొదటినుంచీ అందరినీ రానిచ్చింది. షలీన్ వృత్తినటిగా అడుగుపెట్టిన 1980ల నాటికి తలుపులు తెరుచుకున్నాయి గాని, కలర్డ్ నటికి ఇవ్వడానికి రచయితల దగ్గర పాత్రలు మాత్రం పెద్దగా లేవు.

అందుకే అథోల్ ఫ్యూగార్డ్ నాటకం ‘హలో అండ్ గుడ్‌బై’ ఆఫ్రికాన్స్ రూపంలో ఆమె వేసిన హెస్టర్ పాత్రకు విలువ ఎక్కువ. అది రెండే పాత్రల నాటకం. ఏళ్ల తరబడి ఇల్లు వదిలి తిరిగిన అక్క, తండ్రికి వచ్చిన నష్టపరిహారం డబ్బు ఇంట్లో ఉందని నమ్మి తిరిగొచ్చి, తమ్ముడు తెచ్చి ఇచ్చే పెట్టెలన్నీ తెరిచి వెతుకుతుంది. దొరికేవి పాత బట్టలు, పాత జ్ఞాపకాలు. ఫ్యూగార్డ్ ఈ పాత్రలను పోర్ట్ ఎలిజబెత్‌లోని పేద తెల్ల కుటుంబంగా రాశాడు. ఆ పాత్రను షలీన్ వేయడంతో, పేదరికానికీ అక్కసుకూ జాతిపట్టీ లేదని వేదిక మీదే తేలిపోయింది.

తర్వాత వచ్చింది ఫీలా. డలీన్ మాటీ 1985లో ప్రచురించిన నవలను కటింకా హేన్స్ సినిమాగా తీసింది. స్క్రీన్‌ప్లే రాసింది ఆమె భర్త, రచయిత క్రిస్ బార్నార్డ్ (గుండె మార్పిడి చేసిన డాక్టరు వేరు). కథాకాలం పంతొమ్మిదో శతాబ్దం. లాంగ్ క్లూఫ్ లోయలో కాపురముంటున్న కలర్డ్ స్త్రీ ఫీలా కొమూటీ గుమ్మం ముందు ఒక రాత్రి తెల్లజాతి పసివాడు ఏడుస్తూ కనిపిస్తాడు. బెన్యమిన్ అని పేరు పెట్టి సొంత పిల్లలతో పాటు పెంచుతుంది. కొన్నేళ్లకు జనాభా లెక్కల అధికారులు వచ్చి నీలికళ్ల పిల్లవాణ్ణి చూస్తారు. వాడిని నైస్నా అడవికి తీసుకుపోతారు. అక్కడ కట్టెలు కొట్టుకు బతికే తెల్ల కుటుంబంలోని తల్లి, తప్పిపోయిన తన కొడుకు వీడేనని చూపిస్తుంది. కన్నతల్లి ఎవరో తేల్చడానికి ఆ ఒక్క మాట చాలిపోతుంది. పెంచిన తల్లి మాట వినేవాడే ఉండడు. ఫీలా కొండలు దాటి నడిచి వెళ్లి అడిగినా బిడ్డను ఇవ్వరు.

ఈ పాత్ర చేసేనాటికి షలీన్‌కు ముప్పై మూడేళ్లయినా నిండలేదు. ఫీలా దేవుడితో తగువులాడుతుంది, అధికారులను నిలదీస్తుంది, ఉష్ట్రపక్షుల పెంపకంతో కుటుంబాన్ని నిలబెట్టాలని లెక్కలు వేస్తుంది. బాధపడే తల్లిగా మాత్రమే ఆమెను చూపిస్తే సినిమా కన్నీళ్ల కథగా మిగిలేది. షలీన్ చూపిన ఫీలాలో కోపం ఉంది, వ్యవహారజ్ఞానం ఉంది, తలవంచని పెద్దరికం ఉంది. జనాభా నమోదు చట్టం ఇంకా బతికున్న 1988లో, లెక్కల పుస్తకం పట్టుకొచ్చి బిడ్డను లాక్కుపోయే అధికారి కథను తెల్ల ప్రేక్షకులు ఆమె కళ్లతో చూశారు. ఆఫ్రికాన్స్ సినిమాలో అంతకుముందు అరుదుగా జరిగిన పని ఇది. ఆ చట్టం రద్దయింది 1991లో.

టెలివిజన్ దక్షిణాఫ్రికాకు బాగా ఆలస్యంగా, 1976 జనవరిలో వచ్చింది. అది దేశాన్ని చెడగొడుతుందని భయపడి ప్రభుత్వం ఏళ్ల తరబడి ఆపింది. దేశపు తొలి డైలీ సీరియల్ ‘ఎగోలి’ మొదలైంది 1992 ఏప్రిల్ 6న, ఎమ్-నెట్ అనే పే ఛానల్లో. సృష్టికర్త ఫ్రాంజ్ మార్క్స్. సాయంత్రం కొంతసేపు ఎమ్-నెట్ డీకోడర్ లేనివారికి కూడా ప్రసారాలు అందించేది. ‘ఎగోలి’ ఆ వేళలోనే వచ్చేది కాబట్టి చందా కట్టలేని ఇళ్లలోనూ చూశారు. పాత్రలు ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవి. అన్ని జాతులవారూ ఓటేసిన 1994 ఎన్నికల ముందు మొదలై 2010 మార్చి 31 దాకా, నాలుగువేల పైచిలుకు భాగాలు నడిచింది.

అందులో షలీన్ వేసిన ఎస్తేర్ విల్లెమ్సె, అందరూ పిలిచే పేరు నెన్నా, ఇంటిపని చూసుకునే మనిషి. పనిమనిషి పాత్ర అనగానే అభ్యంతరం కలగడం సహజం, అది న్యాయమైనదే. కథానాయికగా నిరూపించుకున్న నటికి మళ్లీ వంటింటి పాత్రే దక్కింది. కానీ డైలీ సీరియల్‌లో మనిషిని నిలబెట్టేది హోదా కాదు, ఏళ్ల తరబడి నమ్మించే తీరు. నెన్నా గలగలమనే మాటకారి, చురుకైనది. ఆమె పలికిన యాసను పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో వాడే ఆఫ్రికాన్స్ కంటే అప్పటివరకు తక్కువగా చూసేవారు. ఆ యాసే ప్రతి సాయంత్రం డ్రాయింగ్ రూముల్లో వినిపించి అందరికీ ఇష్టమైంది. ఈ పాత్ర తెచ్చిన ఆదరణతోనే షలీన్ తన పేరిట టాక్ షో కూడా నడిపింది. 2005లో లియోన్ షూస్టర్ హాస్యచిత్రం ‘మామా జాక్’లోనూ కనిపించింది.

2017లో వచ్చిన ‘వాసెలినచి’ సినిమాలో ఆమె అమ్మమ్మ పాత్ర వేసింది. తెల్లగా కనిపించే అమ్మాయిని కలర్డ్ ముసలి దంపతులు పెంచి, చివరికి అనాథాశ్రమానికి పంపక తప్పని కథ అది. ఫీలా కథకు నూరేళ్ల తర్వాతి తోబుట్టువులాంటి ఈ సినిమాలో షలీన్ ఉండడం కాకతాళీయమైనా సముచితంగా కుదిరింది. 2019లో బ్రెట్ మైఖేల్ ఇన్నెస్ ‘ఫీలా సే కిన్ట్’ను మళ్లీ తీసినప్పుడు ఆ పాత్ర జెనోబియా క్లోపర్స్‌కు దక్కింది.

చివరిదాకా షలీన్ పని ఆపలేదు. కైక్‌నెట్ ఛానల్ సీరియల్ ‘ఆరెంట్స్‌ఫ్లే’ షూటింగ్ కోసం కేప్‌టౌన్‌లో ఉన్న రోజుల్లోనే, 2021 జూన్ 7న, బస చేసిన గెస్ట్ హౌస్‌లో కన్నుమూసింది. వయసు 66. ఆ సీరియల్ కథ కేప్‌టౌన్ కలర్డ్ కుటుంబాల మధ్యే నడుస్తుంది. ఆమె నాటకాల్లోకి వచ్చిన రోజుల్లో ఆఫ్రికాన్స్ టెలివిజన్‌లో అలాంటి సీరియల్ ఒక్కటీ లేదు.