ఐరిష్ పబ్ వంటకాలు

ఐరిష్ పబ్ వంటకాలుగా ప్రపంచమంతటా పేరుపడినవి నిజానికి ఐర్లండ్ పల్లెల్లో, డబ్లిన్ పేటల్లో సామాన్య కుటుంబాలు వండుకున్న వంటలు. గొర్రె మాంసం, ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం, బంగాళాదుంప, ఉల్లి, క్యాబేజీ, వెన్న, మజ్జిగ వీటికి ఆధారం. ఐరిష్ స్ట్యూ, కాల్కానన్, చాంప్, బాక్స్‌టీ, డబ్లిన్ కాడిల్, సోడా బ్రెడ్ వీటిలో ముఖ్యమైనవి. ఇవి తరతరాలుగా ఇళ్ళలో వండినవే. పబ్బుల్లో విరివిగా వడ్డించడం మాత్రం 20వ శతాబ్దం రెండో సగంలోనే మొదలైంది.

బంగాళాదుంపకు ముందు

16వ శతాబ్దం వరకు ఐర్లండ్ ప్రజల ముఖ్యాహారం ఓట్స్, బార్లీ, పాలు, వెన్న, జున్ను. ఆవులను ప్రధానంగా పాడి కోసమే పెంచేవారు కాబట్టి మాంసం రోజూ దొరికేది కాదు. చలికాలానికి పంది మాంసాన్ని ఉప్పు పట్టించి నిలవ చేసుకునేవారు.

చాలా ఇళ్ళలో ఓవెన్ ఉండేది కాదు. చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డలే వంటచెరకు. ఆ మంట మీద ఇనుప కుండ వేలాడేది. రొట్టె కాల్చడానికి బాస్టిబుల్ అనే పొట్టి కాళ్ళ ఇనుప పాత్ర వాడేవారు. ముద్దను అందులో పెట్టి, మూత వేసి, మూత మీద కూడా నిప్పులు పరిచేవారు. పైనా కిందా వేడి తగిలి రొట్టె సమంగా కాలేది. ఒకే కుండలో అన్నీ వేసి సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికించే పద్ధతి ఈ పొయ్యి నుంచే వచ్చింది.

బంగాళాదుంప, మహాక్షామం

16వ శతాబ్దం చివర ఐర్లండ్ చేరిన బంగాళాదుంప 18వ శతాబ్దానికల్లా పేదల ప్రధాన ఆహారమైంది. చల్లటి, తేమ వాతావరణం దానికి సరిపడింది. కొద్దిపాటి కౌలు నేలలో పండిన దుంపలతో కుటుంబం ఏడాదిలో ఎక్కువ భాగం గడిపేది. దుంపలకు మజ్జిగ తోడైతే పోషకాహారమూ సమకూరేది. 1841 జనాభా లెక్కల్లో ఐర్లండ్ జనం 81 లక్షలు దాటారు.

పేదలు ఎక్కువగా పండించింది లంపర్ అనే ఒక్క రకాన్నే. 1845లో దుంపకుళ్ళు తెగులు సోకినప్పుడు దానికి తట్టుకునే శక్తి లేక పైరు నాశనమైంది. 1852 వరకు సాగిన ఈ మహాక్షామంలో సుమారు 10 లక్షల మంది చనిపోగా, 10 లక్షలకు పైగా దేశం విడిచిపోయారు. ఆ కాలంలోనూ ధాన్యం, పశువులు ఇంగ్లండ్‌కు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1847లో లండన్ రిఫార్మ్ క్లబ్ వంటవాడు అలెక్సిస్ సోయర్ డబ్లిన్‌లో గంజికేంద్రం నడిపాడు.

ముఖ్యమైన వంటలు

ఐరిష్ స్ట్యూ: ఉన్ని, పాల కోసం పెంచిన గొర్రెలు ముసలివయ్యాక వాటి గట్టి మాంసాన్ని మెత్తబరచడానికి పుట్టిన వంట. పాత పద్ధతిలో మెడ మాంసం, బంగాళాదుంప, ఉల్లి, నీళ్ళు తప్ప వేరే ఏమీ ఉండవు. క్యారెట్ వేయవచ్చా కూడదా అన్న వాదం నేటికీ తెగలేదు. పిండి కలపకుండానే రసం చిక్కబడటానికి కారణం దుంపలే. అడుగున వేసినవి కరిగిపోతాయి, పైన పరిచినవి ముక్కలుగా నిలుస్తాయి.

కాల్కానన్, చాంప్: రెండూ మెదిపిన దుంపలతో చేసేవే. కేల్ ఆకు గానీ క్యాబేజీ గానీ కలిపితే కాల్కానన్, ఉల్లికాడలు వేసి కాచిన పాలతో మెదిపితే చాంప్. చాంప్ ఉత్తరాదిన అల్‌స్టర్ ప్రాంతానిది. మధ్యలో గుంట చేసి వెన్న వేస్తారు. హాలోవీన్ రాత్రి కాల్కానన్‌లో ఉంగరం దాచేవారు. అది ఎవరి వంతులో వస్తే వారికి త్వరలో పెళ్ళని నమ్మకం.

బాక్స్‌టీ: తురిమిన పచ్చి దుంప, మెదిపిన ఉడికిన దుంప, పిండి, మజ్జిగ కలిపి పెనం మీద కాల్చే అట్టు. లీట్రిమ్, కావన్, ఫెర్మానా కౌంటీల్లో ప్రసిద్ధం.

కాడిల్: డబ్లిన్ శ్రామికుల వంట. సాసేజ్‌లు, బేకన్ ముక్కలు, ఉల్లి, దుంపలు కలిపి ఉడికిస్తారు. శుక్రవారం మాంసం తినకూడదన్న క్యాథలిక్ నియమం వల్ల, మిగిలినవన్నీ గురువారమే ఇలా చెల్లగొట్టేవారని చెబుతారు.

సోడా బ్రెడ్: వంటసోడా వాడుకలోకి వచ్చిన 1830ల తర్వాతిది. ఐర్లండ్‌లో పండే మెత్తరకం గోధుమలో జిగురు తక్కువ కాబట్టి ఈస్ట్‌తో రొట్టె సరిగా పొంగదు. మజ్జిగలోని పులుపుకు సోడా కలిస్తే వెంటనే పొంగుతుంది. ముద్దను ఎక్కువగా పిసకరు. మధ్యభాగం కూడా కాలేలా పైన శిలువ ఆకారంలో లోతుగా గాటు పెడతారు.

పబ్బుల్లోకి రాక

పాతకాలపు పబ్బు తిండికి పోయే చోటు కాదు. పల్లెల్లో ఒకవైపు కిరాణా, మరోవైపు మద్యం అమ్మే కొట్లే పబ్బులు. కౌంటీ కెర్రీలోని డింగిల్‌లో ఇప్పటికీ హార్డ్‌వేర్ సామాను అమ్మే పబ్బు ఉంది. 1927 చట్టం ప్రకారం డబ్లిన్ పబ్బులు మధ్యాహ్నం గంటసేపు మూసెయ్యాల్సి వచ్చింది. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఈ నియమం 1988 వరకు అమలైంది. అంతవరకు బల్ల మీద దొరికే తిండి అంటే వేడి శాండ్‌విచ్, చిప్స్ ప్యాకెట్. 1954లో డబ్లిన్‌లో మొదలైన టేటో చిప్స్ ఆ లోటు కొంత తీర్చింది. పర్యాటకం పెరిగాక భోజనం పబ్బు వ్యాపారంలో భాగమైంది. 2004 మార్చి 29న పబ్బులతో సహా పనిస్థలాలన్నిటిలో పొగతాగడం నిషేధించడంతో కుటుంబాలు కూర్చుని తినడానికి మరింత అనువైంది.

గిన్నిస్ బీరుతో చేసే గొడ్డుమాంసం స్ట్యూ ఈ పబ్బు యుగంలో ప్రాచుర్యం పొందింది. ఆర్థర్ గిన్నిస్ 1759లో సెయింట్ జేమ్స్ గేట్ బీరు బట్టీని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 ఏళ్ళకు కౌలుకు తీసుకున్నాడు. వేయించిన బార్లీ వల్ల ఆ నల్ల బీరుకు చేదు ఉంటుంది. అందుకే ఈ కూరలో ఉల్లి, క్యారెట్ దండిగా పడాలి.

అమెరికాలో మార్పు

సెయింట్ పాట్రిక్ దినాన తినే కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ వంట అమెరికాలో స్థిరపడినది. 18వ శతాబ్దంలో కార్క్ రేవు నుంచి ఉప్పు గొడ్డుమాంసం నౌకాదళాలకు, కరీబియన్ దీవులకు ఎగుమతి అయ్యేది గానీ ఐర్లండ్ పేదలకు అందేది కాదు. న్యూయార్క్ చేరిన వలస కుటుంబాలకు యూదుల దుకాణాల్లో అది చౌకగా దొరికింది. ఐర్లండ్‌లో మాత్రం క్యాబేజీకి జోడీ బేకనే.

ఇంటి వంటగా పునరుద్ధరణ

కార్క్ కౌంటీ రైతు భార్య మర్టిల్ అలెన్ 1964లో బల్లీమలూ హౌస్‌లోని తన ఇంటి భోజనశాలనే రెస్టారెంట్‌గా తెరిచి, స్థానిక పంటతో చేసిన ఇంటి వంటకు గౌరవం తెచ్చింది. 1983లో అక్కడికి సమీపంలో ఆమె కోడలు డరీనా అలెన్ ఒక వంటల పాఠశాల స్థాపించింది. ఈ వంటలకు ప్రత్యేక పరికరాలు అక్కర్లేదు. అడుగు మందంగా ఉన్న గిన్నె, ఉడికితే పొడిబారే రకం దుంప, సన్నటి సెగ, రెండు గంటల ఓపిక ఉంటే అసలైన ఐరిష్ స్ట్యూ ఏ వంటింట్లోనైనా కుదురుతుంది.