ఒంటరి ప్రయాణం – కొంత చరిత్ర, కొంత సొంత కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. ఏం రాయాలా అని ఆలోచిస్తుంటే విషయం మా ఇంట్లోనే దొరికింది.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మనవరాలు నిరుడు సెలవు పెట్టి, పోర్చుగల్ దేశంలోని లిస్బన్ నగరం ఒక్కతే చూసి వస్తానంది. ఇంట్లో పెద్ద లొల్లి. "ఆడపిల్ల ఒక్కతే గంత దూరం ఎట్ల పోతది?" అని మా ఇంటావిడ ఆ పూట అన్నం ముట్టలేదు. చివరికి తీర్పు చెప్పే పని నా మీద పెట్టారు.

లిస్బన్ అనగానే నాకు బడిలో చదువుకున్న వాస్కోడిగామా గుర్తొచ్చాడు. అతని ఓడలు 1497 జూలైలో అక్కడి నుంచే బయలుదేరాయి. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి 1498 ఏప్రిల్‌లో మొంబాసా చేరాయి. అక్కడ పొసగక మాలింది రేవుకు పోయి, దారి తెలిసిన నావికుణ్ణి వెంట తీసుకుని మే నెలలో కాలికట్ తీరానికి వచ్చాడు. అంతటివాడికీ దారి చెప్పే మనిషి కావలసి వచ్చింది. అతన్ని మాత్రం ఎవరూ "ఒక్కడివే ఎలా పోతావు?" అని అడిగినట్టు లేదు. తర్వాత పోర్చుగీసువారు మొంబాసాను పట్టుకుని, 1593లో అక్కడ ఫోర్ట్ జీసస్ అనే కోట కట్టడం మొదలుపెట్టారు. 1698లో ఒమాన్ అరబ్బులు దాన్ని గెలుచుకున్నారు. కోట నేటికీ నిలిచి ఉంది.

ఆ కోట ఉన్న మొంబాసాకే 1924 జనవరిలో మన హైదరాబాదు నుంచి సరోజినీ నాయుడు గారు వెళ్లారు. అప్పటికి ఆమె నలుగురు బిడ్డల తల్లి. తోటి కార్యకర్తలు ఉన్నారు గాని, భర్త డాక్టరు గోవిందరాజులు నాయుడు గారు వెంట లేరు. తూర్పు ఆఫ్రికా భారతీయుల కాంగ్రెస్ మహాసభకు ఆమె అధ్యక్షత వహించారు. కెన్యాలోని మంచి ఎత్తు భూములను తెల్లవారికే ఉంచుతూ బ్రిటిష్ ప్రభుత్వం 1923లో చేసిన నిర్ణయం మీద మనవాళ్లు మండిపడుతున్న రోజులవి. అక్కడి నుంచి ఆమె దక్షిణాఫ్రికా వెళ్లి, భారతీయులను వేరే పేటలకు నెట్టే బిల్లుకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. ప్రధాని స్మట్స్‌తో నేరుగా మాట్లాడారు. ఆ ఏడు జూన్ ఎన్నికల్లో స్మట్స్ ఓడిపోగా ఆ బిల్లు మూలపడింది. మరుసటి ఏడు, 1925లో, కాన్పూరు కాంగ్రెస్ మహాసభకు ఆమె అధ్యక్షురాలయ్యారు.

ఆ ధైర్యం ఒక్క రోజులో వచ్చింది కాదు. 1895లో, పదహారేళ్ల వయసులో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఆమె ఇంగ్లండు వెళ్లారు. అప్పుడు మన నారాయణఖేడ్ కూడా నిజాం రాజ్యంలోదే. 1956 దాకా మనం బీదరు జిల్లా వాళ్లమన్న సంగతి పెద్దలకు తెలుసు. ఆ వేతనం నిజాం రాజ్య ప్రజలు కట్టిన శిస్తు సొమ్మే. అంటే ఆ పిల్ల ప్రయాణానికి మంజూరీ ఇచ్చింది ఒక సర్కారు. మంజూరీ కాగితం విలువ మనలాంటి గుమాస్తాలకు చెప్పనక్కరలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1970లలో నేను ఒక కార్యాలయంలో టి.ఏ. బిల్లులు చూసేవాణ్ణి. ఒక గ్రామసేవిక తండాకు పోయి, ఆఖరి బస్సు దాటిపోతే అక్కడే ఒక లంబాడా ఇంట్లో పడుకుని, తెల్లారి నడిచి వచ్చింది. ఆడమనిషి రాత్రి ఒక్కతే ఉండవలసిన అవసరమేమిటని నేను ఆ రాత్రి బస భత్యం కొట్టేశాను. మగవాళ్ల బిల్లుల మీద అలాంటి ప్రశ్న నేనెప్పుడూ వేయలేదు. ఆమె వచ్చి, "సార్, తండాల పండుకున్నప్పుడు నాకు భయం కాలేదు. మీ ముందల నిలబడి చెప్పాలంటేనే భయమైతుంది" అంది. బిల్లు మాత్రం నేను మార్చలేదు. ఆమె ఆ తర్వాత ఎక్కడికి బదిలీ అయిందో తెలియదు. ఆ మాట మాత్రం ఇప్పటికీ నాతోనే ఉంది.

అందుకే మనవరాలి విషయంలో నేను ఆక్షేపణ రాయలేదు. బస చేసే చోటు చిరునామా, అక్కడి ఫోన్ నంబరు రాసిమ్మన్నాను. పాస్‌పోర్టు నకలు ఒకటి ఇంట్లో ఉంచమన్నాను. రోజూ రాత్రి ఒక్క మాట ఫోన్ చేయమన్నాను. వాస్కోడిగామాకు దారి చెప్పే నావికుడు ఉన్నట్టే దానికీ దారి తెలియాలని ముందే పటం చదివించాను.

అది క్షేమంగా తిరిగి వచ్చింది. బెలెంలోని జెరోనిమోస్ మఠంలో వాస్కోడిగామా సమాధిని ఫోటో తీసి తెచ్చింది. కిక్కిరిసిన ట్రాములో ఎవరో ముసలావిడ సైగ చేసి, సంచి ముందుకు వేసుకొమ్మని చెప్పిందట. ఆ మాట విన్నాక మా ఇంటావిడ మొహం తేటపడింది. "అక్కడ గూడ మన అసొంటి ముసలోళ్లు ఉన్నరన్నమాట" అంది.

మిత్రులారా, మీ ఇంట్లో ఆడపిల్ల ఇలాంటి ప్రయాణం కోరితే వెంటనే బిల్లు కొట్టేయకండి. ముందు చిరునామా అడగండి.