వేగువాడి గుర్తు

యానాం మాట వస్తే మన పెద్దలు ముందుగా పెళ్ళిళ్ళ సంగతి చెబుతారు. బాల్యవివాహాలను నిషేధిస్తూ 1929లో వచ్చిన శారదా చట్టం ఇంగ్లీషువారి ఏలుబడిలోనే గాని ఫ్రెంచివారి యానాంలో చెల్లదు. అందుచేత చుట్టుపక్కల గోదావరి ఊళ్ళవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, అక్కడ ముడి వేయించుకుని పోయేవారు. ఆ ఊరికి కల్యాణపురమనే పేరు అలా వచ్చింది.

ఒక చిన్న సరిహద్దుకు ఎంత బలముంటుందో చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. యానాం పాలన సాగింది పుదుచ్చేరి నుంచే. శారదా చట్టానికి ఇరవయ్యేళ్ళ ముందు ఆ పుదుచ్చేరి సరిహద్దు, రాజద్రోహులని పేరు పడ్డవారికి నీడనిచ్చింది. వారి వెనకే వేగులవాళ్ళూ వచ్చారు. మనుషుల్ని కనిపెట్టి ఉండే విద్య ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చెడుతుందో తెలుసుకోవడానికి ఆ వీధుల చరిత్రను మించిన పాఠం నాకు కనబడలేదు.

1908లో సుబ్రహ్మణ్య భారతి పుదుచ్చేరి చేరి, తన ‘ఇండియా’ పత్రికను అక్కడి నుంచి నడపసాగాడు. 1910 ఏప్రిల్ 4న అరవిందులు వచ్చారు. ఆ ఏడాదే వి.వి.ఎస్. అయ్యర్ కూడా చేరాడు. 1911 జూన్ 17న మణియాచ్చి స్టేషనులో కలెక్టరు ఆష్‌ను వాంచినాథన్ కాల్చి చంపాక, మద్రాసు పోలీసుల చూపంతా పుదుచ్చేరి మీదికి తిరిగింది.

అయితే అది పరాయి గడ్డ. అక్కడ బ్రిటిషు పోలీసుకు యూనిఫారం వేసుకునే హక్కు లేదు, ఎవరినీ పట్టుకునే హక్కూ లేదు. మిగిలింది చూడడం ఒక్కటే. ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, మామూలు బట్టల్లో మనుషుల్ని పెట్టారు. ఎవరు ఎవరింటికి వెళుతున్నారు, రైలు దిగిన కొత్త మనిషి ఏ వీధి మలుపు తిరిగాడు, ఇవన్నీ రాసుకోవడమే వాళ్ళ ఉద్యోగం. ఇంతవరకు దీన్ని నేను తప్పుపట్టను. ఏ ప్రభుత్వమైనా కాపలా పెట్టుకుంటుంది. చెడింది ఆ తరువాత.

రోజూ చూసేవాడికి రోజూ విశేషం దొరకదు. భారతి పాటలు రాసుకున్నాడు. అరవిందులు గది విడిచి రావడమే తక్కువ. కాని జీతమిచ్చేవాడు కబురు కోసం ఎదురుచూస్తాడు. 1912 ప్రాంతంలో అయ్యర్ ఇంటి బావిలో నీళ్ళు తోడుతుండగా పనిమనిషి కంట ఒక పాత్ర పడింది. అందులో రాజద్రోహపు కాగితాలున్నాయి. అవి దేశభక్తుల ఇంట పట్టుబడితే చాలు, ఫ్రెంచివారు వాళ్ళను తరిమివేయక తప్పేది కాదు. సరిహద్దు దాటితే చెరసాల. అయితే వీళ్ళు దాచలేదు, తామే వెళ్ళి ఫ్రెంచి పోలీసులకు చెప్పారు. విచారణ జరిగింది. అరవిందుల ఇల్లు సోదా చేయడానికి వచ్చిన ఫ్రెంచి న్యాయాధికారి అక్కడ గ్రీకు, లాటిను పుస్తకాలు చూసి, అనుమానం వదిలి గౌరవంతో వెనుదిరిగాడు. కుట్ర ఆరోపణ చేసిన మనిషే చివరికి బ్రిటిషు సీమలోకి పారిపోయాడు.

రెండో సంగతి నళినీకాంత గుప్త తన జ్ఞాపకాల్లో చెప్పారు. అరవిందుల ఇంట వంట చేసిపెట్టే ఒక బెంగాలీ యువకుడు ఉన్నట్టుండి గుండు చేయించుకున్నాడు. అది చూసి ఇంట్లో ఉన్న మరో కుర్రవాడు, సరదాకే, తానూ గుండు చేయించుకుంటానన్నాడు. వంటవాడి గుండె జారింది. అతడు సి.ఐ.డి. మనిషి. తన బదులు రాబోయేవాడు తనను పోల్చుకోవడానికే ఆ గుండు. వీళ్ళకు గుట్టు తెలిసిపోయిందనుకుని, తానే అందరి ముందు ఒప్పేసుకున్నాడు. ఇంట్లో ఎవరికీ అతని మీద అనుమానమే లేదు! నెలల తరబడి ఇతరులను చూస్తూ గడిపినవాడికి, అందరూ తననే చూస్తున్నట్టు తోచింది.

మన రాయలు ‘ఆముక్తమాల్యద’ రాజనీతిలో వేగువాడి లక్షణాలు చెబుతూ, బహుభాషలు రావాలనీ, ఏ గుర్తూ ఉండకూడదనీ అన్నాడు. ఆ వంటవాడు గుర్తు పెట్టుకుని చెడ్డాడు. అంతకంటె గట్టి మాట కౌటిల్యుడిది. ఆయన ‘అర్థశాస్త్రం’ మూలాన్ని మైసూరులో శామశాస్త్రి 1909లోనే అచ్చువేయించారు. పుదుచ్చేరిలో నిఘా బిగిసింది ఆ వెంటనే. అందులో చారులు రెండు రకాలు: ఒకచోట ఉండి చూసేవారు, తిరుగుతూ చూసేవారు. ఒకరిని ఒకరు ఎరగకూడదు. ముగ్గురు విడివిడిగా తెచ్చిన కబురు ఒక్కటైతేనే నమ్మాలి, పదేపదే తేడా వస్తే ఆ చారులను తప్పించాలి. చారుడి మీద నమ్మకంతో కాదు, అతడు అబద్ధమాడగలడన్న ఎరుకతో కట్టిన నియమమిది. పుదుచ్చేరి బావిలో కాగితాలు వేసినవాడి మాటకు అలాంటి జల్లెడ అవసరం.

పుదుచ్చేరి వెళ్ళినప్పుడు ఈశ్వరన్ ధర్మరాజా కోవెల వీధిలో, స్మారకంగా నిలిపిన భారతి ఇంటి ముందు నేను కాసేపు నిలబడతాను. 1918 నవంబరులో ఆయన ఆ సరిహద్దు దాటగానే కడలూరు దగ్గర పట్టుకున్నారు. పదేళ్ళు కాపు కాసినా, వారాలు తిరగకుండానే విడిచిపెట్టారు.

ఈనాడు బెంగుళూరులోనూ ముంబైలోనూ మన పిల్లలు ఎందరో కాపలా ఉద్యోగాల్లో ఉన్నారు. గేటు దగ్గర పుస్తకం, గోడ మీద కెమెరా ఉంటాయి. ఎదుటివాడికి ఇబ్బంది కలగకుండా చూడడం, చూసింది చూసినట్టు రాయడం వాళ్ళకు నేర్పుతారు. దానికి నేను ఒక్కటే చేర్చదలిచాను. విశేషమేమీ లేని రోజున ‘ఏమీ లేదు’ అని రాయగల ధైర్యం కావాలి. ఆ మాట విని కోప్పడని అధికారి కూడా కావాలి. ఆ రెండూ ఉంటే అయ్యర్ ఇంటి బావిలో నీళ్ళు తప్ప మరేమీ ఉండేది కాదు.