ఆడబిడ్డకు భూమి మీద హక్కు ఎలా వచ్చింది

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని రాసుకుంటాం. ఆ లెక్కలు వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి భూమి గురించి రాయమని గ్రామ సంఘాల నుంచి అడిగారు. సమావేశాల్లో ఈ మధ్య అప్పు గురించి ఒక మాట వస్తే భూమి గురించి రెండు మాటలు వస్తున్నాయి. "నాయన పోయాడు, అన్న సంతకం పెట్టమంటున్నాడు, పెట్టొచ్చా?" అనేది అందులో మేము ఎక్కువగా వినే మాట. దీనికి జవాబు చెప్పాలంటే ఆ హక్కు ఎప్పుడు, ఎవరికి, ఎంత వచ్చిందో ముందు తెలియాలి. అదేమీ ఒక్క రోజులో వచ్చింది కాదు.

పాతకాలంలో మన వైపు హిందువుల ఇళ్లలో మితాక్షర అనే పద్ధతి నడిచేది. మగబిడ్డ పుట్టగానే తాతముత్తాతల ఆస్తిలో వాటాదారు అయ్యేవాడు. ఆడబిడ్డకు పెళ్లయ్యేదాకా తిండి, బట్ట, ఆ తర్వాత పెళ్లి ఖర్చు, అంతే. కోడలిగా వచ్చిన ఇంట్లో భర్త పోతే మనోవర్తి, అంటే బతకడానికి ఇంత అని ఇవ్వడం. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో రాసిస్తే మాత్రం అది ఆమె స్త్రీధనం.

1937లో ఒక చట్టం వచ్చింది. భర్త చనిపోతే కొడుకుతో సమానంగా భార్యకూ వాటా అన్నారు. అయితే ఆ వాటా ఆమె బతికున్నంతవరకే. అనుభవించాలి గాని, ఇష్టం వచ్చినట్టు అమ్మకూడదు. ఆమె పోయాక మళ్లీ భర్త వైపు వారసులకే పోతుంది. పైగా సేద్యపు భూములకు ఈ చట్టం వర్తించదని కోర్టు చెప్పింది. 1947లో మద్రాసు రాష్ట్రం వేరే చట్టం చేశాకే మన పొలాలకు వర్తించింది. పల్లెలో భూమి తప్ప ఇంకేం ఆస్తి ఉంటుంది? పదేళ్లపాటు ఆ చట్టం మన పల్లె ఆడవాళ్లకు కాగితం మీద మాటే.

ఇక్కడ మన నెల్లూరు సంగతి ఒకటి చెప్పాలి. దేశంలో లాయరు చదువు చదివే పిల్లలందరూ తులసమ్మ కేసు చదువుతారట. ఆ కేసు మొదలైంది మన నెల్లూరు మున్సిఫ్ కోర్టులోనే. తులసమ్మ భర్త 1931లో చనిపోయాడు. ఆస్తి అప్పటికి ఉమ్మడిలోనే ఉంది, అది భర్త సవతి సోదరుడి చేతికి పోయింది. 1937 చట్టానికి ముందే భర్త పోయాడు కాబట్టి ఆమెకు వాటా లేదు, మనోవర్తి ఒక్కటే. దానికోసం ఆమె 1944లో కోర్టుకెక్కింది. 1946లో డిక్రీ వచ్చింది. డిక్రీ వస్తే డబ్బు చేతికొచ్చినట్టు కాదని మనకు తెలుసు గదా. చివరికి 1949లో రాజీ చేసుకున్నారు. మనోవర్తికి బదులు కొంత ఆస్తి ఆమెకు ఇచ్చారు. కానీ రాజీ కాగితంలో ఒక షరతు రాశారు: బతికున్నంతకాలం అనుభవించడమే, అమ్మే హక్కు లేదు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అందులో 14వ సెక్షన్ మన అందరికీ తెలిసి ఉండాల్సిన సెక్షన్. ఆడమనిషి స్వాధీనంలో ఉన్న ఆస్తి వారసత్వంగా వచ్చినా, మనోవర్తికి బదులు వచ్చినా, ఎవరైనా బహుమతిగా ఇచ్చినా, తన కష్టంతో కొనుక్కున్నా, దానికి ఆమే పూర్తి హక్కుదారు అని ఆ సెక్షన్ చెప్తుంది. తులసమ్మ ఆ ధైర్యంతో 1960లో కొంత కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. భర్త సవతి సోదరుడు వెంటనే దావా వేశాడు. అదే సెక్షన్‌లో రెండో భాగం ఉంది. షరతు పెట్టి రాసిచ్చిన ఆస్తికి పూర్తి హక్కు రాదని అది చెప్తుంది. ఆయన దాన్ని పట్టుకున్నాడు. హైకోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పింది. ఆమె సుప్రీంకోర్టుకు పోయింది.

1977 మార్చి 17న తీర్పు వచ్చింది. మనోవర్తి అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఆమెకు ముందునుంచీ ఉన్న హక్కు అన్నారు. ఆ హక్కుకు బదులుగా ఇచ్చిన భూమి కాబట్టి కాగితంలో ఏ షరతు రాసినా అది పూర్తిగా ఆమెదే అన్నారు. 1944 నుంచి 1977 దాకా 33 ఏళ్లు. దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్లు మూయించిన సంగతి మన జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తులసమ్మ పేరు మాత్రం నెల్లూరులోనే చాలామందికి తెలియదు, ఇది మాకు న్యాయంగా అనిపించదు.

1956 చట్టం వెనక అంబేద్కర్ గారి శ్రమ ఉంది. ఆయన న్యాయమంత్రిగా హిందూ కోడ్ బిల్లు తెచ్చారు, పార్లమెంటులో అది ముందుకు పోనందుకు 1951లో రాజీనామా చేశారు. ఆ రాజీనామాకు మరికొన్ని కారణాలు ఉన్నా ఇది ముఖ్యమైనది. తర్వాత ఆ బిల్లును ముక్కలు ముక్కలుగా చట్టాలు చేశారు. అలా వచ్చిన 1956 చట్టంలో తండ్రి స్వార్జితంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికీ కొడుక్కీ భార్యకీ తల్లికీ సమాన వాటా పెట్టారు. పిత్రార్జితంలో మాత్రం మెలిక ఉంచేశారు.

ఆ మెలిక లెక్కలో చూస్తేనే అర్థమవుతుంది. పిత్రార్జితం తొమ్మిది ఎకరాలు అనుకుందాం. ఇంట్లో తండ్రి, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు. తండ్రి చనిపోయాడు. 1956 చట్టం ప్రకారం ముందు తండ్రీకొడుకులకు చెరి నాలుగున్నర ఎకరాలు అని లెక్కకట్టి, తండ్రి నాలుగున్నరను ముగ్గురికీ పంచేవాళ్లు. కొడుక్కి మొత్తం ఆరు ఎకరాలు, కూతురికి ఎకరంన్నర, తల్లికి ఎకరంన్నర. ఇప్పుడైతే తండ్రికి, కొడుక్కి, కూతురికి తలా మూడు అని లెక్కకట్టి, తండ్రి మూడును ముగ్గురికీ పంచుతారు. కొడుక్కి నాలుగు, కూతురికి నాలుగు, తల్లికి ఒకటి. తల్లి వాటా తగ్గింది, నిజమే. ఒక సమావేశంలో దీనిమీద అత్తల వైపు కోడళ్ల వైపు పెద్ద వాదనే జరిగింది.

ఈ రెండో లెక్క మొదట వచ్చింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు చట్టం సవరించారు, అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. కూతురు కూడా పుట్టుకతోనే కొడుకుతో సమానంగా వాటాదారు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఆ తర్వాతే ఇలాంటి చట్టం చేసుకున్నాయి. కానీ ఆ తేదీకి ముందు పెళ్లయిన ఆడబిడ్డలకు వర్తించదన్నారు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు హక్కు లేదు, చెల్లెలికి ఉంది. అక్కకు పెళ్లి త్వరగా కావడమే ఆమె నేరం అయింది.

2005లో కేంద్రం దేశమంతటికీ సవరణ తెచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి పెళ్లయిన కూతురికీ అదే వాటా. ఒకటి గుర్తుంచుకోవాలి: 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ పత్రం ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో పంపకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగదోడలేం. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా వద్దా అని చాలా ఏళ్లు కోర్టుల్లో నడిచింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చింది, తండ్రి ఎప్పుడు పోయాడన్నది లెక్క కాదు అంది.

పైన చెప్పిందంతా హిందూ కుటుంబాల సంగతి. మన సంఘాల్లో ఉన్న క్రైస్తవ అక్కలకు 1925 నాటి వారసత్వ చట్టం ఉంది, అందులో కొడుకూ కూతురూ సమానం. ముస్లిం చెల్లెళ్లకు వాళ్ల ధర్మశాస్త్రం ప్రకారం కొడుకు వాటాలో సగం. గిరిజన కుటుంబాలకు 1956 చట్టం నేరుగా వర్తించదు, అక్కడ ఆచారం చూస్తారు.

ఇక సంతకం సంగతి. "పసుపు కుంకుమ ఇచ్చాం, పెళ్లి చేశాం, ఇంకేం వాటా" అంటారు. పెళ్లికి పెట్టిన ఖర్చుతో వాటా పోతుందని ఏ చట్టంలోనూ లేదు. వాటా పోయేది హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి రిజిస్టర్ చేసినప్పుడు. అన్న ఇల్లే మనకు మిగిలిన పుట్టిల్లు అని, పండక్కి పిలిచేవాళ్లు ఉండాలని ఇష్టంగా వదులుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను మేము తప్పు పట్టం. కానీ పాసుపుస్తకం మార్చడానికి అని చెప్పి విడుదల పత్రం మీద పెట్టించుకోవడం వేరు. అందుకే సభ్యురాలు ఎవరైనా కాగితం తెస్తే, సంఘంలో చదవగలిగిన పిల్ల చేత గట్టిగా చదివిస్తున్నాం. సర్వే నంబరు ఏది, ఎన్ని సెంట్లు, "విడుదల" అనే మాట ఎక్కడైనా ఉందా అని చూస్తున్నాం. చదివాక పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

చివరిగా, బిడ్డలు లేని ఒక అక్క అడిగిన ప్రశ్న. "పాలు పోసి కూడబెట్టి పది అంకణాల స్థలం కొన్నాను. నా తర్వాత అది ఎవరికి?" 1956 చట్టంలో 15వ సెక్షన్ దీని గురించే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినదైతే, బిడ్డలు లేకపోతే తండ్రి వారసులకు తిరిగి పోతుంది. సొంతంగా సంపాదించినదైతే భర్తకు, ఆయన లేకపోతే ముందు భర్త వారసులకు. ఉత్తరాదిలో ఒకామె భర్త పెళ్లయిన మూడు నెలలకే పాము కరిచి చనిపోయాడు. ఆమె పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసింది. ఆమె పోయాక ఆ డబ్బు అత్తింటివాళ్లకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆమె వీలునామా రాయలేదు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకమో వేలిముద్రో వేసి, వాళ్ల సంతకాలు తీసుకుంటే చాలు. రిజిస్టర్ తప్పనిసరి కాదు గాని చేయించుకుంటే తగాదా తగ్గుతుంది. ఆ అక్క మరుసటి నెల సమావేశానికి కాగితం రాయించుకునే వచ్చింది.