వెలుతురు ఓపలేని కన్ను

మే నెల నడిమికి వచ్చేసరికి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సరస్సుల మీది మంచు కరిగిపోతుంది. నీళ్లు మాత్రం ఇంకా వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగానే ఉంటాయి. ఆ చలిలోనే, ఒక శుక్రవారం అర్ధరాత్రి దాటగానే, గాలాలు నీళ్లలో పడతాయి. వాలై చేపల సీజన్ మొదలైందన్నమాట. ఆ వారాంతంలో రాష్ట్ర గవర్నర్ కూడా పడవెక్కి గాలం వేయడం 1948 నుంచి వస్తున్న ఆనవాయితీ. 1965లో ఈ చేపనే రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నారు.

తెల్లటి మెత్తని మాంసం, తక్కువ ముళ్లు. ఇంత మోజుకు ఆ రుచే కారణమని అక్కడి వాళ్లు చెబుతారు. కానీ వాలైని పట్టే విద్య అంతా నడిచింది దాని కంటి చుట్టూనే. ఆ కంటి లోపల వెలుతురును వెనక్కి తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన కాస్త కాంతినీ అది రెండోసారి వాడుకుంటుంది. అందుకే మసక నీళ్లలో, సంధ్యవేళ, గాలికి అలలు రేగినప్పుడు చిన్న చేపల కన్నా వాలైకి బాగా కనిపిస్తుంది. దాని వేటకు అదే అదను. నడి మధ్యాహ్నం ఎండ కాస్తుంటే లోతుకు దిగిపోతుంది. చీకట్లో దాని మీద దీపం వేస్తే మాత్రం ఆ కన్ను పిల్లి కన్నులా భగ్గున మెరుస్తుంది.

ఆ మెరుపును ఏనాడో చదువుకున్నవాళ్లు అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలు. ఏప్రిల్‌లో నీళ్లు 6 నుంచి 10 డిగ్రీల మధ్యకు రాగానే వాలై చేపలు గుడ్లు పెట్టడానికి రాళ్లూ గులకరాళ్లూ ఉన్న ఒడ్డుకు, ఏటి మొగలకు చేరతాయి. గూడు కట్టవు, గుడ్లకు కాపలా కాయవు. రెండుంపావు కిలోల ఆడచేప లక్షకు పైగా గుడ్లు వదిలేసి వెళ్లిపోతుంది. ఇదంతా ఎక్కువగా రాత్రిపూటే జరుగుతుంది. ఓజిబ్వేలు బిర్చ్ చెట్టు బెరడుతో చేసిన పడవలో, ముందు కొసన దివిటీ వెలిగించి, మెరిసిన కళ్లను చూసి ఈటె దించేవారు. చలికాలం చివర, తిండి నిల్వలు అడుగంటే రోజుల్లో ఆ చేపలు వాళ్ల కడుపు నింపేవి. ఆడచేపలు గుడ్లు వదిలి త్వరగా లోతుకు పోతాయి, మగవి ఆ లోతులేని నీళ్లలోనే చాలా రోజులు తచ్చాడతాయి. అందుకే ఈటెకు చిక్కేవాటిలో ఎక్కువ భాగం మగ చేపలే.

1837లో ఓజిబ్వేలు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని లక్షల ఎకరాల నేల అప్పగించారు. అక్కడ వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు మాత్రం తమకే ఉంచుకున్నారు. తర్వాత రాష్ట్రాల చట్టాలు వచ్చి ఆ హక్కును పక్కకు నెట్టేశాయి. గుడ్లు పెట్టే కాలంలో వేట నేరమైంది, ఈటె పట్టినవాడు దొంగయ్యాడు. 1974లో విస్కాన్సిన్‌లో తమ తెగకు కేటాయించిన భూమి (రిజర్వేషన్) హద్దు దాటి ఈటెతో చేపలు పట్టినందుకు ఓజిబ్వే అన్నదమ్ములిద్దరిని అరెస్టు చేశారు. ఆ వివాదం కోర్టుకెక్కింది. 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పందపు హక్కు ఇంకా చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు విస్కాన్సిన్ పడవల రేవుల దగ్గర జరిగింది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. చేపలు పట్టడానికి వచ్చిన కుటుంబాల మీద రాళ్లు రువ్వారు, జాతి పేరుతో బూతులు తిట్టారు. గిరిజనులు చేపలను ఊడ్చేస్తున్నారన్నది రాళ్లు రువ్వినవాళ్ల ఆరోపణ. ఆ వేట వల్ల చేపల సంఖ్యకు నష్టం జరగలేదని 1991లో ప్రభుత్వ, గిరిజన శాస్త్రవేత్తల ఉమ్మడి పరిశీలన తేల్చింది. మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సు విషయంలోనూ 1999లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఓజిబ్వేల పక్షానే నిలిచింది.

గాలం వేసేవాళ్ల కథ దీనికి సమాంతరంగా, వేరే దారిలో నడిచింది. వాళ్ల సీజన్ మొదలయ్యేది గుడ్లు పెట్టడం అయ్యాకే. అప్పటికి అలసిన చేప చల్లని నీళ్లలో మందకొడిగా ఉంటుంది. ఎర వెంట పరుగెత్తదు. నోట్లో పెట్టుకున్నా ఏ కాస్త బరువు తగిలినా ఉమ్మేస్తుంది. అందుకే సీజన్ తొలి రోజుల్లో అన్నీ తేలిగ్గా ఉండాలి. మూడున్నర గ్రాముల సీసపు తలతో ఉన్న గాలం, దానికి గుచ్చిన బతికున్న చిరుచేప, సన్నటి దారం. ఏరు సరస్సులో కలిసేచోట, రెండు సరస్సుల మధ్య ఇరుకు పాయలో, గాలి కొట్టే ఒడ్డున అడుగు తాకిస్తూ మెల్లగా లాగాలి. జలగను ఎరగా వాడేది నీళ్లు కాస్త వేడెక్కాకే, చలిలో అది ముడుచుకుపోయి కదలదు.

ఈ తేలికతనాన్ని పనిముట్టుగా మార్చినవాళ్లు చికాగో నుంచి మిన్నెసోటాలోని బ్రెయినర్డ్ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన రాన్, ఆల్ లిండ్నర్ సోదరులు. 1960ల చివర్లో వాళ్లు తెచ్చిన 'లిండీ రిగ్' చూడటానికి ఏమంత ఉండదు. బూటు ఆకారంలో ఒక సీసపు గుండు, దాని కంతలోంచి స్వేచ్ఛగా జారే దారం, మూడు నాలుగు అడుగుల అవతల గాలం. గుండు రాళ్ల మీద నడుస్తూ పోతుంది. చేప ఎర అందుకోగానే వేలితో ఆపి ఉంచిన దారాన్ని వదిలేయాలి. గుండు ఉన్నచోటే ఉంటుంది, దారం మాత్రం జారిపోతుంది, చేపకు బరువే తెలియదు. కాసేపు ఆగి, దారం బిగించి, అప్పుడు లాగాలి. చేప ఏమనుకుంటుందో ఆలోచించి చేసిన పనిముట్టు ఇది, అందుకే నాకు ఇంత ఇష్టం.

మిగతా పనిముట్లూ ఆ కాలానికి అటూ ఇటుగా వచ్చి చేరాయి. ఫిన్లాండ్ జాలరి లౌరీ రపాలా 1936లో బెండు చెక్కి, చాక్లెట్ల రేకు చుట్టి చేసిన బొమ్మచేప 1960ల్లో అమెరికాను ఊపేసింది. రాత్రిపూట లోతులేని నీళ్లలో వాలైకి ఇప్పటికీ అదే వేస్తారు. 1950ల చివర్లో కార్ల్ లోరెన్స్ తెచ్చిన చిన్న ఆకుపచ్చ సోనార్ పెట్టెతో సరస్సు అడుగు ఎలా ఉందో పడవలో కూర్చునే తెలిసిపోయింది.

ఈటెతోనైనా గాలంతోనైనా చేపలు తీసేది ఒకే సరస్సులోంచి. మిల్ లాక్స్ విస్తీర్ణం సుమారు 1,32,000 ఎకరాలు. అక్కడ ఎన్ని చేపలు తీయవచ్చో ఏటా రాష్ట్రమూ గిరిజన మండళ్లూ కలిసి తేలుస్తాయి. ఓజిబ్వేల చేపలను రేవులోనే లెక్కపెడతారు. గాలం వాళ్ల లెక్కలో ఇంటికి తెచ్చినవే కాదు, వదిలేశాక చచ్చినవి కూడా వస్తాయి. చిక్కు అక్కడే వచ్చింది. ఆగి లాగే పద్ధతిలో చేప ఎరను గొంతు దాకా మింగేస్తుంది. అలాంటిదాన్ని నీళ్లలో వదిలినా చాలాసార్లు బతకదు.

సరస్సులో వాలైలు తగ్గిపోవడంతో 2016 మే 14న రాష్ట్రం కొత్త నిబంధనతో సీజన్ తెరిచింది. పట్టిన ప్రతి వాలైనీ వెంటనే వదిలేయాలి, వాలై కోసం బతికున్న ఎర వాడకూడదు అన్నది ఆ ఏటి నియమం. జలగలూ చిరుచేపలూ అమ్ముకునే దుకాణదారులకు అది గట్టి దెబ్బే. అయినా ఆ నిర్ణయం సరైనదనే నా నమ్మకం. ప్లాస్టిక్ చేపనైనా చెక్క చేపనైనా వాలై నోట్లో ఎక్కువసేపు ఉంచుకోదు. తగిలీ తగలగానే లాగాలి. అప్పుడు గాలం పెదవికే పడుతుంది. పెదవికి పడ్డ గాలాన్ని చేపను నీళ్లలోంచి పైకెత్తకుండానే ఊడదీయవచ్చు.