ఆటలో ఇంగ్లీషు: అక్షరం నుంచి మాట దాకా

పిల్లలకు ఇంగ్లీషును ఆటగా నేర్పాలన్న ఆలోచనకు మూడు వందల ఏళ్ళు దాటాయి. 1693లో వెలువడిన తన విద్యాగ్రంథంలో ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ ఒక దంతపు బంతిని ఊహించాడు. దానికి 24 లేదా 25 ముఖాలు. కొన్నింటి మీద ఎ, కొన్నింటి మీద బి, ఇలా మొదట నాలుగే అక్షరాలు అంటించాలి. పెద్దలు ఆడుతుంటే పిల్లవాడు చూడాలి, తననూ ఆడనిమ్మని అడగాలి. అది చదువని వాడికి తెలియకూడదు. ఎంతో ముద్దైన ఊహ! అయితే ఆ బంతి నేర్పేది చదవడమే. ఇంగ్లండు పిల్లలకు మాట ఇంట్లోనే వచ్చేస్తుంది కదా.

ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లలకు ముందు కావలసింది మాటే. 1922లో జపాన్ వెళ్ళిన ఇంగ్లీషు బోధన నిపుణుడు హెరాల్డ్ పామర్, కూతురు డొరోతీతో కలిసి 1925లో ‘ఇంగ్లిష్ త్రూ యాక్షన్స్’ ప్రచురించాడు. ‘స్టాండప్’ అంటే లేవాలి, ‘ఓపెన్ ద డోర్’ అంటే తలుపు తీయాలి. 1960లలో అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ ఇదే దారిలో, పిల్లలు మొదట విని చేస్తే చాలు, నోరు తర్వాత విప్పవచ్చు అన్నాడు. పేరులోని మాటలతో మొదలైన ఆదేశాన్నే పాటించాల్సిన ‘సైమన్ సేస్’ ఆట ఈ పద్ధతిలో ఇట్టే ఒదిగిపోయింది. 1965లో డబ్ల్యూ.ఆర్. లీ భాషా తరగతుల ఆటలను ఒక పుస్తకంగా కూర్చాడు.

అసలు మలుపు దక్షిణ భారతంలో వచ్చింది. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడిన కాలానికి, మన బడుల్లో వాక్యాల నమూనాలను తరగతంతా ముక్తకంఠంతో వల్లించడమే పద్ధతి. దానికి భిన్నంగా భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979లో బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వ్యాకరణ పాఠాలు లేవు. రైళ్ళ వేళల పట్టికో, ఒక పటమో పిల్లల ముందుంచి చిక్కుప్రశ్న విప్పమనేవారు. సగం మంది పిల్లలు కనీసం సగం పనైనా సరిగా చేయగలిగితే ఆ పని తగినదని ప్రభు లెక్క.

ప్రభు చెప్పిన పనుల్లో ఒక రకం ‘సమాచారపు ఖాళీ’. ఇద్దరు పిల్లల మధ్య పుస్తకం అడ్డు నిలుపుతారు. ఒకరి దగ్గర బొమ్మ, ఇంకొకరి దగ్గర తెల్ల కాగితం. ‘వేర్ ఈజ్ ద ట్రీ?’ అని అడగనిదే రెండోవాడి పెన్సిల్ కదలదు. ఆ నిమిషంలో ప్రశ్న పాఠం కోసం కాదు, చెట్టు కోసం. సిగ్గరి పిల్లలు కూడా నోరు విప్పేది అందుకే.

తర్వాత ఆట తెర మీదికి వచ్చింది. 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చిన భాషాభ్యాస వేదిక డ్యువోలింగో పాయింట్లనూ, వరుస రోజుల లెక్కనూ తెచ్చింది. పిల్లలు రోజూ తిరిగి వచ్చేలా చేయడంలో వాటికి బలముంది. కానీ దాని తొలినాళ్ళ అభ్యాసాల్లో జవాబు యంత్రానికి ముందే తెలుసు. అవతల బొమ్మ దాచుకుని కూర్చున్న నేస్తం లేడు.